కొత్త ప్లేటు వేసినా లారీ అదురుతోంది, డ్రైవరు తప్పేనా?

ఒంటి లారీ, మాధవరం:
అందరికీ నమస్కారం. నాది 2004 మోడల్ ఆరు చక్రాల లారీ. ఉన్నది ఆ ఒక్క బండే. చెన్నై పక్కన మణలి నుంచి సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు సరుకు వేస్తాం. నాలుగు నెలల క్రితం క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కొత్తవి వేయించాను. నెల తిరగకముందే ఫస్ట్ గేరులో క్లచ్ వదులుతుంటే క్యాబిన్ మొత్తం వణకడం మొదలైంది. బండి కదిలాక ఏమీ ఉండదు. లోడుతో వెళ్తున్నా లాగుడు తగ్గలేదు. డ్రైవరు హాఫ్ క్లచ్‌లో (పెడల్ సగం తొక్కి పట్టి) నడిపి ప్లేటు కాల్చేశాడని మెకానిక్కు అంటున్నాడు. క్లచ్ విప్పి చూడటానికి మళ్లీ గేర్ బాక్సు దింపించాలా?

ఏడు బండ్లు:
మీ మెకానిక్కు చెప్పిందే నిజం. నాకు ఏడు బండ్లున్నాయి. ఒకే మోడల్, ఒకే దారి. ఒక డ్రైవరు చేతిలో ప్లేటు రెండేళ్లు వస్తుంది, ఇంకొకరి చేతిలో ఆరు నెలలకే పోతుంది. తేడా బండిలో లేదు, కాలులో ఉంది. లోడు మీద సెకండ్ గేరులో బండి ఎత్తేవాడికి (ఆగిన బండిని కదిలించేవాడికి) ఏ ప్లేటు వేసినా నిలవదు.

రెడ్‌హిల్స్ గ్యారేజీ:
ఒంటి లారీ గారూ, తొందరపడి దింపకండి. ప్లేటు కాలితే జారుతుంది. ఇంజిను రేజ్ అవుతుంది, బండి మాత్రం లాగదు, మాడిన వాసన వస్తుంది. మీరు చెబుతున్నది అది కాదు. పట్టి వదిలి, పట్టి వదిలి కుదుపుతోంది. ముందు బయట చూడాల్సినవి చూడండి. చక్రాలకు దిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఫుట్ బ్రేకు తొక్కి పట్టి, బానెట్ మూత తీసి ఒకరు పక్క నుంచి ఇంజినును చూడాలి. బండి ముందు గానీ వెనుక గానీ ఎవరూ నిలబడకూడదు. ఫస్ట్‌లో క్లచ్ కొద్దిగా వదలగానే ఇంజిను ఒక పక్కకు లేస్తే ఇంజినును పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బరు పోయినట్టే. రివర్స్‌లో కూడా ఒకసారి చూడండి. తరువాత ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ బాక్సు నుంచి వెనుక చక్రాలకు శక్తి మోసే కడ్డీ) క్రాసులు, సెంటర్ బేరింగ్, వెనుక కమాన్ల (స్ప్రింగు పట్టీల) యూ బోల్టులు. ఇవన్నీ గట్టిగా ఉంటేనే గేర్ బాక్సు మాట.

వేలూరు బైపాస్:
ఖాళీ బండిలో కూడా అదురుతోందా?

ఒంటి లారీ, మాధవరం:
అదురుతోంది. ఉదయం తక్కువ, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఎక్కువ.

లేత్ పని, అంబత్తూరు:
వేడెక్కాక పెరుగుతోందంటే ఫ్లైవీల్, అంటే క్లచ్ ప్లేటు ఒత్తుకునే ఇంజిను చక్రం, చూడాలి. కొత్త సెట్టు వేసినప్పుడు ఫ్లైవీల్‌కు ఏం చేశారు? చాలామంది ఎమరీ కాగితంతో రుద్ది వదిలేస్తారు. వేడికి నీలం మచ్చలు పడిన చోట లోహం గట్టిపడుతుంది. ఎమరీతో అది పోదు. లేత్ మీద కోస్తే టూలు ఆ మచ్చ మీద ఎగిరి, అక్కడ మిట్ట మిగులుతుంది. గ్రైండింగే చేయించాలి.

ఏడు బండ్లు:
ఆ నీలం మచ్చ ఎవరి వల్ల పడింది? హాఫ్ క్లచ్ వల్లే కదా. మళ్లీ అక్కడికే వచ్చాం.

స్టీరింగ్ 22:
అయ్యా, నేను 22 ఏళ్లుగా స్టీరింగ్ పట్టుకున్న డ్రైవరును. ఎన్నూరు వైపు కంటైనర్ల వరుసలో రాత్రంతా బండిని అడుగడుగునా జరపాలి. ముందు బండి కదలగానే మనం కదలకపోతే వెనుక హారన్ల మోత. ఆ వరుసలో హాఫ్ క్లచ్ వాడకుండా బండి జరపగలిగినవారు ఎవరైనా ఉంటే చెప్పండి, వచ్చి నేర్చుకుంటాను.

ఏడు బండ్లు:
పూర్తిగా ఆపి, న్యూట్రల్ చేసి, ఖాళీ ఏర్పడ్డాక ఫస్ట్‌లో వెళ్లాలి. నా డ్రైవర్లకు మొదటి రోజే ఇది చెబుతాను.

లేత్ పని, అంబత్తూరు:
గ్రైండింగ్ చేయించారా లేదా అన్నదానికి ఇంకా జవాబు రాలేదు.

స్టీరింగ్ 22:
చెబుతారు, సరే. కానీ ఖర్చు ఎవరి మీద వేస్తారు? పోయినసారి నేను పనిచేసిన చోట ఇలాగే బండి అదిరింది. నా కాలే కారణమని జీతంలో తొమ్మిది వేలు కోసుకున్నారు. రెండు నెలల తరువాత గేర్ బాక్సు దింపితే ఇంజిను వెనుక సీలు కారి ప్లేటంతా నల్లటి ఆయిలు పట్టి ఉంది. సీలు కారడానికి నా కాలుకు ఏం సంబంధం? డబ్బు తిరిగి ఇవ్వలేదు. మా అమ్మాయి ఫీజు అప్పు చేసి కట్టాను.

ఏడు బండ్లు:
మీకు జరిగింది అన్యాయమే. దాన్ని తెచ్చి అందరికీ అంటగట్టకండి. డ్రైవరు జేబుకు నొప్పి తగలకపోతే బండిని జాగ్రత్తగా నడపడు. వాయిదాలు కట్టేది నేను. అర్ధరాత్రి తడ దగ్గర బండి ఆగితే వెళ్లేది నేను.

రెడ్‌హిల్స్ గ్యారేజీ:
మీ కోపం అర్థమైంది కానీ, క్లచ్ విప్పకుండానే తీర్పు చెప్పేస్తున్నారు. ఇంకో మాట చెబుతాను, మా వృత్తివాళ్లకు ఇది నచ్చదు. గేర్ బాక్సు ఎక్కించేటప్పుడు కింద జాకీ లేకుండా దాని షాఫ్టును ప్లేటు మధ్య పళ్ల రంధ్రమైన స్ప్లైన్‌లోకి దూర్చి, బోల్టులు పట్టేదాకా బరువంతా దాని మీదే వేలాడదీస్తే ప్లేటు వంగుతుంది. ఆ వంపు కంటికి కనబడదు, బండి ఎత్తేటప్పుడు మాత్రం అదురుతుంది. స్ప్లైన్‌కు గ్రీజు ఎక్కువ పూసినా ఎగిరి ప్లేటు రాపిడి పొర (ఫేసింగ్) మీద పడుతుంది. నేర్చుకునే రోజుల్లో ఈ రెండూ నేనూ చేశాను. అప్పుడు నేనూ డ్రైవరు మీదకే నెట్టాను. అది ఇప్పటికీ బాధిస్తుంది. అందుకే ఇంత చెబుతున్నాను.

ఒంటి లారీ, మాధవరం:
ఒక విషయం ముందే చెప్పాల్సింది. మా డ్రైవరు జీతంలో పోయిన నెల ఆరు వేలు పట్టుకున్నాను. మెకానిక్కు మాట నమ్మాను. గ్రైండింగ్ సంగతి అడిగారు, బిల్లు తీసి చూశాను. అందులో గ్రైండింగ్ లేదు.

స్టీరింగ్ 22:
అన్నా, అసలు ప్రశ్న ఇదీ. గేర్ బాక్సు దింపాలా వద్దా అన్నది కాదు.

రెడ్‌హిల్స్ గ్యారేజీ:
దింపేటప్పుడు డ్రైవరును పక్కన ఉంచుకోండి. క్లచ్ మీది గుల్ల (బెల్ హౌసింగ్) అడుగున రంధ్రం దగ్గర ఆయిలు కారిన గుర్తు ఉందేమో చూడండి. నల్లగా, పలచగా ఉంటే ఇంజిను సీలు. చిక్కగా, గంధకం వాసనతో ఉంటే గేర్ బాక్సు సీలు.

ఒంటి లారీ, మాధవరం (పది రోజుల తరువాత):
రబ్బర్లు, క్రాసులు గట్టిగానే ఉన్నాయి. రంధ్రం పొడిగా ఉంది. నిన్న దింపించాం, డ్రైవరు పక్కనే ఉన్నాడు. ప్లేటు కాలలేదు, ఫేసింగ్ మందం ఇంకా బాగానే ఉంది. ప్లేటును షాఫ్టు మీద పెట్టి తిప్పితే అంచు ఊగుతోంది, వంగినట్టే. ఫ్లైవీల్ మీద మూడు నీలం మచ్చలున్నాయి.

ఏడు బండ్లు:
మచ్చలు ఉన్నాయిగా.

ఒంటి లారీ, మాధవరం:
ఉన్నాయి. అవి పాత ప్లేటు నాటివా, ఈ నాలుగు నెలలవా ఎవరూ చెప్పలేకపోతున్నారు. మా డ్రైవరు నా దగ్గర చేరింది కొత్త సెట్టు వేశాకే. చెప్పలేనిదానికి అతని డబ్బు నా దగ్గర ఉంచుకోలేను. ఆరు వేలు ఈ ఉదయం ఇచ్చేశాను. ఫ్లైవీల్ గ్రైండింగ్‌కు అంబత్తూరు పంపాను.

స్టీరింగ్ 22:
సంతోషం. ఎక్కించేటప్పుడు కింద జాకీ పెట్టించండి. దగ్గరుండి చూడండి.