కవలలు పుడితే ‘పారా’ ఒకటా, రెండా?

మా ఆవిడకు ఇప్పుడు 20వ వారం. ఓపీ చీటీ మీద డాక్టరుగారు ‘జి3 పి1 ఎల్2 ఏ1’ అని రాశారు. మొన్నటి టిఫా స్కాన్ రిపోర్టులో మాత్రం అంతా అదే, ఒక్క ‘పి’ పక్కన 2 ఉంది. మొదటి కాన్పులో 36వ వారానికి కవలలు పుట్టారు, ఇద్దరూ బాగున్నారు. రెండోసారి 9వ వారంలోనే అబార్షన్ అయింది.

జి అంటే గ్రావిడా, ఇది ఎన్నో గర్భమో చెప్పేది. ఎల్ అంటే బతికున్న పిల్లలు. ఏ అంటే అబార్షన్లు. ఇంతవరకు నెట్‌లో వెతికి తెలుసుకున్నాను. పి అంటే పారా, దాని దగ్గరే లెక్క తెగట్లేదు. స్కాన్ సెంటర్లో అడిగితే ‘టైపింగ్ తేడా అయ్యుంటుందిలెండి’ అన్నారు. ఎవరి తేడానో చెప్పలేదు! డాక్టరుగారిని మళ్లీ కలవడానికి ఇంకా పదిహేను రోజులుంది.

పారా అంటే కాన్పుల లెక్కా, పుట్టిన పిల్లల లెక్కా?