క్రికెట్ హెల్మెట్‌కి వెనక నెక్ గార్డ్ (మెడని కాపాడే ముక్క) పెడితే హెల్మెట్ కళ్ల మీదకి జారుతోంది, ఏం చేయాలి?

మా వాడికి 12 ఏళ్లు, కుడిచేతి బ్యాటింగ్. రెండు నెలల క్రితం టెన్నిస్ బాల్ నుంచి లెదర్ బాల్‌కి మారాడు. తల చుట్టుకొలత టేపుతో కొలిస్తే 54 సెంటీమీటర్లు, షాపులో సైజు చార్ట్ చూసే కొన్నాం, లోపల బీఎస్ 7928:2013 (క్రికెట్ హెల్మెట్లకి బ్రిటిష్ భద్రతా ప్రమాణం) లేబుల్ కూడా ఉంది. ఇంట్లో నిలబడి పెట్టుకుంటే చక్కగా సరిపోతుంది. నెట్స్‌లో మాత్రం వంగి స్టాన్స్ తీసుకుని ఎడమ భుజం మీదుగా బౌలర్ వైపు చూసేసరికి వెనక నెక్ గార్డ్ కాలర్‌కి తగిలి, హెల్మెట్ ముందుకు ఒరిగి, అంచు కనుబొమల మీద కూర్చుంటోంది. చెమట పట్టాక, అంటే ఓ పావుగంటకి, ఇంకా ఎక్కువ. బంతి బంతికీ గ్లవ్‌తో పైకి తోసుకుంటున్నాడు.

వెనక డయల్ బిగించాను, నుదుటి మీద ఎర్రగా అచ్చు పడి తలనొప్పి అన్నాడు. గడ్డం పట్టీ బిగించినా అంతే. లోపల కాటన్ టోపీ పెడితే చెమట ఆగింది కానీ జారడం ఆగలేదు. నెక్ గార్డ్ తీసేస్తే అసలు జారట్లేదు! కానీ 2014లో ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిల్ హ్యూస్‌కి మెడ దగ్గర బంతి తగిలి ప్రాణం పోయింది గుర్తొస్తే అది లేకుండా పంపడానికి నాకు ధైర్యం చాలట్లేదు. షాపతనేమో ఆడగా ఆడగా అదే సెట్ అవుతుందంటాడు, బౌన్సర్ అప్పటిదాకా ఆగుతుందా మరి.

పిల్లలకి నెక్ గార్డ్‌తోనే ఆడిస్తున్నవాళ్లు చెప్పండి, గార్డ్ ఉంచి కూడా హెల్మెట్ ముందుకు ఒరగకుండా మీరు ఏం మార్చారు?