ప్రాక్టికల్స్‌లో గుండె కేసు, ఊపిరితిత్తుల కేసు: మీరెక్కడ తడబడ్డారు?

ఫైనల్_ఫికర్:
వచ్చే నెల మెడిసిన్ ప్రాక్టికల్స్. థియరీ పర్వాలేదు. వార్డుకెళ్లి స్టెత్ పెడితే మాత్రం ఫ్యాన్ చప్పుడు, పక్క బెడ్ వాళ్ల రీల్స్ తప్ప ఏమీ వినబడట్లేదు. మైట్రల్ స్టెనోసిస్ (గుండెలో మైట్రల్ కవాటం ఇరుకవడం) మర్మర్, అంటే ఆ అదనపు గుండె చప్పుడు, ఇంతవరకూ ఒక్కసారీ దొరకలేదు. లాంగ్ కేసు (పరీక్షలో పూర్తిగా చూసి చెప్పాల్సిన పెద్ద కేసు) అదే వస్తే నా గతేంటి?

ఇరానీ_చాయ్:
వెల్లకిలా పడుకోబెట్టి వింటున్నావా? ఎడమ పక్కకి తిప్పు. ఏపెక్స్ (గుండె కొన) ఎక్కడ కొడుతోందో వేలితో పట్టుకుని సరిగ్గా అక్కడే స్టెత్ బెల్ (చిన్న గిన్నెలాంటి వైపు) ఆనించు, నొక్కకు. నొక్కితే చర్మం బిగుసుకుని బెల్ కాస్తా డయాఫ్రమ్‌లా (స్టెత్ చదును వైపులా) పనిచేస్తుంది, ఆ మంద్రపు గుడగుడ పోతుంది. ఊపిరి వదిలి ఆపమను. మర్మర్ దొరక్కపోయినా మొదటి శబ్దం టప్‌మని గట్టిగా వినబడుతుంది, సగం డయాగ్నసిస్ అక్కడే ఉంది.

పీజీ_నైట్‌డ్యూటీ:
మర్మర్ కంటే నన్ను హిస్టరీ ముంచింది. నా కేసు ఒక పెద్దమ్మ. ఆయాసం ఎన్‌వైహెచ్‌ఏ (గుండె జబ్బు తీవ్రత కొలిచే స్కేలు) క్లాస్ టూ, అంటే మామూలు పనికి వచ్చేది అని రాశాను. ఎగ్జామినర్ ఆమెనే అడిగారు, "బిందె మోస్తావా అమ్మా?" అని. "యాడ మోస్తా సారూ, చీర కట్టుకుంటేనే దమ్మొస్తది" అంది. చిన్న పనికే ఆయాసం, అంటే క్లాస్ త్రీ! ఇంకోటి, దిండ్లు ఎన్ని అంటే ఒకటే అంది కాబట్టి ఆర్థాప్నియా (పడుకుంటే వచ్చే ఆయాసం) లేదని రాసేశాను. తీరా ఇంట్లో ఉన్నదే ఒక దిండట, దాన్ని వీపు కింద పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతుందట. "ఆయాసం" అని కాకుండా "దమ్ము" అని అడగండి, పడుకుంటారా కూర్చుంటారా అని అడగండి.

ఎర్రగడ్డ_బస్సు:
అక్కా, ఆ దిండు సంగతి నోట్ చేసుకున్నా. నాది ఊపిరితిత్తుల గోల. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి పోస్టింగ్‌లో నేర్చుకున్నదొక్కటే: ముందు ట్రాకియా (గాలిగొట్టం) ఏ పక్కకి జరిగిందో చూడు. ప్లూరల్ ఎఫ్యూజన్ (ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడం) పెద్దదైతే దాన్ని అవతలి పక్కకి తోస్తుంది, ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తి మచ్చకట్టడం), కొలాప్స్ (ముడుచుకుపోవడం) తమ వైపుకే లాగుతాయి. ఎఫ్యూజన్ మీద వేలితో కొడితే బండరాయి మీద కొట్టినట్టుంటుంది, వేలికే తెలుస్తుంది. వోకల్ రెసొనెన్స్‌కి (మాట ఛాతీ మీద స్టెత్‌లో ఎలా వినబడుతుందో చూడటానికి) తెలుగువాళ్లతో "ఒకటి, ఒకటి" అనిపించా, పాతబస్తీ చాచాతో "ఏక్, ఏక్". నీరున్నచోట మాట మందగిస్తుంది, కన్సాలిడేషన్‌లో (న్యుమోనియాలోలా ఊపిరితిత్తి గట్టిపడితే) చెవిలోనే అన్నట్టు వినబడుతుంది.
వైవాలో నన్ను ఇరికించిన ప్రశ్న: ఎఫ్యూజన్ అంత పెద్దదైనా ట్రాకియా మధ్యలోనే ఉంటే? కింద ఊపిరితిత్తి కొలాప్స్ అయి ఇటు లాగుతూ ఉండొచ్చు, క్యాన్సర్ గురించి ఆలోచించాలి. నేను నోరెళ్లబెట్టాను.

ఇరానీ_చాయ్:
ఆ నీరు ఏ రకమో తేల్చే లైట్స్ క్రైటీరియా కూడా అడుగుతారు, 1972 నాటిది. ఫ్లూయిడ్‌కీ సీరమ్‌కీ (రక్తపు ద్రవం) ప్రోటీన్ నిష్పత్తి 0.5 దాటినా, ఎల్‌డీహెచ్ (ఒక ఎంజైమ్) నిష్పత్తి 0.6 దాటినా, ఫ్లూయిడ్ ఎల్‌డీహెచ్ సీరమ్ నార్మల్ గరిష్ఠంలో మూడింట రెండొంతులు మించినా ఎక్సుడేట్ (ఇన్ఫెక్షన్, క్యాన్సర్ లాంటివాటి వల్ల చేరే నీరు). మూడింట్లో ఏ ఒక్కటి చాలు. మన దగ్గర ఆ వెంటనే వచ్చే ప్రశ్న టీబీనే, ఆ నీటిలో ఏడీఏ (టీబీలో పెరిగే ఎంజైమ్) పరీక్ష మర్చిపోకు.

మెట్రో_పిల్లర్:
ఎక్స్‌రే ముందే చూసేసి ట్రాకియా కుడికి జరిగిందని చెప్పాను. "ఏదీ, నా ముందు వేలు పెట్టి చూపించు" అన్నారు. ఇంతకంటే చెప్పలేను.

ఫైనల్_ఫికర్:
ఇవాళ సిస్టర్‌ని బతిమాలి రెండు నిమిషాలు ఫ్యాన్ ఆపించాను, వార్డంతా తిట్టింది. టప్ వినబడింది! గుడగుడ మాత్రం గుండెదో, పొద్దున్నుంచీ తిననందుకు నా కడుపుదో తెలియలేదు. రేపు మళ్లీ వెళ్తా.