ముందు చక్రం తిరగట్లేదని రన్‌వే మీద ఆపేశారు, నాలుగ్గంటలకి అదే విమానం మళ్లీ ఎగిరింది.. ఎలా నమ్మాలి?

రాజాం_కుర్రోడు:
అందరికీ నమస్తే. మొన్న నాన్నని హైదరాబాద్‌లో డాక్టర్‌కి చూపించీసి సాయంత్రం ఫ్లైట్‌కి వైజాగ్ వచ్చాం. దిగడం మెత్తగానే దిగింది, బ్రేకులూ బానే పడ్డాయి, తీరా రన్‌వే మీంచి పక్కకి తిరగాల్సిన చోట తిరక్కుండా నిలబడిపోయింది. కాసేపాగి పైలట్ మైకులో చెప్పాడు, ముందు చక్రం స్టీరింగ్ పని చెయ్యట్లేదు, బండొచ్చి లాక్కెళ్తుంది, ఎవరూ లేవొద్దు అని. నాన్నకి ఇదే మొదటి విమానం. "ఏట్రా ఇది, చెడిపోయిన బస్సుని ట్రాక్టరుకి కట్టి ఈడ్చినట్టు ఈడుస్తన్నారు" అని నవ్వాడు గానీ నా మోచెయ్యి మాత్రం వదల్లేదు.

అసలు డౌట్ ఇది. ఆ విమానమే తిరిగి హైదరాబాద్ పోవాలి, నా ఫ్రెండ్ దాని కోసమే కూర్చున్నాడు, నాలుగ్గంటలు లేట్ చేసి అందులోనే ఎక్కించీసారంట. నాలుగ్గంటల్లో ఏటి చూస్తారు, ఏటి బాగు చేస్తారు? మా ఊళ్లో బైక్ ఫోర్కు ఆయిల్ సీల్ మార్చడానికే ఒక పూట పడతాది. వచ్చే నెల మళ్లీ చెకప్ ఉంది, నాన్నేమో రైలుకే వస్తానంటన్నాడు.

పలాస_జీడి:
రైలే బెస్ట్ బ్రో. స్టీరింగ్ లేకుండా గాల్లో ఎలా తిప్పుకొచ్చాడో ఏటో, మీ అదృష్టం

పాత_హ్యాంగర్:
పలాస తమ్ముడూ, గాల్లో ముందు చక్రంతో పనేముంది, అది మడిచి పొట్టలో పెట్టీసుకుంటాది కదా. మాది చీపురుపల్లి, ఇరవై ఏళ్ల పైన విమానాల మెయింటెనెన్స్‌లో చేసి రిటైర్ అయ్యాను, అందుకే కొంచెం పెద్దగా రాస్తన్నాను, ఓపికుంటే చదవండి.

దిగాక స్పీడు ఉన్నంతసేపు తోక మీద అటూ ఇటూ కదిలే పలక, రడ్డర్ అంటాం, అదే విమానాన్ని తిన్నగా పెడతాది. స్పీడు తగ్గాక గాలి చాలదు, అప్పుడు ముందు చక్రం కావాలి. కాలి పెడల్స్‌తో ఆ చక్రం ఆరేడు డిగ్రీలే తిరుగుద్ది, పెద్ద మలుపుకి పైలట్ చేతి పక్కన చిన్న తిప్పుడు చక్రం ఉంటాది, టిల్లర్ అంటాం, దాంతో ఎయిర్‌బస్ ఏ320 విమానం అయితే 75 డిగ్రీల దాకా పోద్ది. మీకు పోయింది ఈ పెద్ద తిప్పుడే అయ్యుంటాది. ఒక పక్క బ్రేకు ఎక్కువ తొక్కి కొంత తిప్పుకోవచ్చు గానీ టాక్సీవే, అదే రన్‌వే నుంచి పక్కకి పోయే దారి, దాని అంచు దిగిపోతే ఇంకో తలనొప్పి. ఆపేసి బండిని పిలిచాడంటే ఆయన మంచి పనే చేశాడు.

ఇక నాలుగ్గంటల సంగతి. చాలాసార్లు పోయేది ఇనప ముక్క కాదు, సెన్సారో, వైరు కనెక్టరో, కంప్యూటర్ డబ్బానో, లేకపోతే హైడ్రాలిక్ వాల్వో. కంప్యూటర్‌లో ఫాల్ట్ రికార్డు అయి ఉంటాది, దాన్ని బట్టి మాన్యువల్‌లో వరస ఇచ్చి ఉంటాది, సొంత తెలివి వాడ్డానికి లేదు. కింద టార్చి పట్టుకుని హైడ్రాలిక్ ఆయిల్, అదే ప్రెజర్‌తో చక్రాన్ని తిప్పే ఆయిల్, లీకు అవుతందేమో చూస్తాం, ఆ ఆయిల్ ఊదా రంగులో ఉంటాది, కంట్లో పడితే చుక్కలు కనిపిస్తాయి. కత్తెరలాగ రెండు ముక్కలుంటాయే, టార్క్ లింకులు, వాటి బుష్‌ల్లో ఆట ఉందేమో చూస్తాం, అక్కడ అరిగితే దిగేటప్పుడు ముందు చక్రం గడగడా వణుకుద్ది. పార్టు మార్చాక 3000 పీఎస్ఐ ప్రెజర్ ఇచ్చి ఎడమకీ కుడికీ చివరి దాకా తిప్పి, మధ్యకి సరిగ్గా వస్తందా లేదా చూసి, మళ్లీ లీకు చూసి, అప్పుడు లైసెన్స్ ఉన్న ఇంజినీర్ సంతకం. ఆ సంతకం లేకుండా కదలదు బాబూ. పార్టు స్టాకులో ఉంటే నాలుగ్గంటలు చాలు, లేకపోతే రాత్రంతా అక్కడే.

బొబ్బిలి_బుజ్జి:
మాస్టారూ, ఒకసారి ముందు చక్రం అడ్డంగా తిరిగిపోయి నిప్పులు కక్కుకుంటూ దిగిన విమానం వీడియో చూశాను, అది నిజమేనా?

పాత_హ్యాంగర్:
నిజమే. 2005 సెప్టెంబర్ 21, అమెరికా కంపెనీ జెట్‌బ్లూ వాళ్ల ఏ320, కాలిఫోర్నియాలో బర్‌బ్యాంక్‌లో లేచి న్యూయార్క్ పోవాలి. చక్రం 90 డిగ్రీలు అడ్డం తిరిగిపోయింది, ఆ విమానంలో ఇంధనం బయటికి వదిలే ఏర్పాటు లేదు కాబట్టి మూడు గంటలు తిరిగి తిరిగి కాల్చీసి లాస్ ఏంజెలెస్‌లో దించారు. టైర్లు పోయాయి, రిమ్ములు సగం అరిగిపోయాయి, మనుషులకి గీత కూడా పడలేదు. సీటు ముందు టీవీల్లో వాళ్ల విమానాన్ని వాళ్లే లైవ్‌లో చూసుకున్నారంట, అది మరీ దారుణం. కారణం ఏటంటే, చక్రాన్ని తిరిగిపోకుండా పట్టే లోపలి లగ్గులు రెండు అలిసిపోయి విరిగిపోయాయి. అలిసింది దేనికి? దిగే ముందు కంప్యూటర్ స్టీరింగ్‌ని అటూ ఇటూ కదిపి టెస్ట్ చేసుకుంటాది, ఆ టెస్టుల వల్లే. చూడండి, చెక్ చెయ్యడం కూడా ఎక్కువైతే ఇనుము ఊరుకోదు.

కానీ నన్నడిగితే ముందు చక్రం ఉండే కాలుకి అసలు శత్రువు గాల్లో లేడు, నేల మీద లాగే బండి డ్రైవరే. కాలు మీద ఎర్ర గీతలుంటాయి, లాగేటప్పుడు అవి దాటి తిప్పకూడదు. లాగే ముందు స్టీరింగ్‌కి పిన్ను పెట్టి హైడ్రాలిక్‌ని తప్పించాలి, పిన్ను పెట్టకపోతే బండి ఒక పక్క, విమానం బలం ఇంకో పక్క, మధ్యలో రెండిటినీ కలిపే ఇనప బార్ తిరిగి మనిషి కాళ్లు విరుగుతాయి. ఒక రాత్రి డ్యూటీలో కుర్రాడొకడు చెమటలు కక్కుతూ వచ్చి "సార్, గీత దాటించీసాను" అన్నాడు. విప్పి చూస్తే పైన పెయింట్ వెంట్రుక మందాన చిట్లింది, లోపల బోల్టు వంగింది. వాడు చెప్పకపోతే పొద్దున్న ఆరింటికి అది ఎగిరీదే. వాడికి మెమో ఇస్తారంటే మా షిఫ్ట్ వాళ్లం ఆఫీసు ముందు గొడవ చేసి ఆపించాం.

ఆ పిన్నుకి ఎర్ర రిబ్బన్ ఉంటాది. వెనక్కి నెట్టాక కిందున్న మనిషి దాన్ని తీసి, పక్కకొచ్చి, చెయ్యెత్తి పైలట్‌కి చూపిస్తాడు. అది చూశాకే పైలట్ కదుపుతాడు.

రాజాం_కుర్రోడు:
థాంక్స్ అండీ. మొత్తం నాన్నకి చదివి వినిపించాను. "సరే వస్తాను గానీ ఆ ఎర్ర గుడ్డ నేను కళ్లతో చూసేదాకా బెల్టు పెట్టుకోను" అంటన్నాడు. కిటికీ సీటు ఏ పక్క తీసుకోమంటారు?

పాత_హ్యాంగర్:
ఎడమ పక్క, ముందు వరసల్లో చూడండి. ఒక్కోచోట కుడి పక్క కూడా నిలబడతారు. బెల్టు మాత్రం ముందే పెట్టుకోమనండి, ఎయిర్‌హోస్టెస్ ఊరుకోదు.