పాటల వివరాలు ఎక్కడ ఉండాలి: ఫైళ్లలోనా, ప్లేయర్ లైబ్రరీలోనా?

పాతడిస్కు (చర్చ ప్రారంభం)

నా దగ్గర సుమారు 11,000 పాటలు ఉన్నాయి. సగానికి పైగా ఎంపీ3లు, మిగిలినవి సొంత సీడీల నుంచి ఫ్లాక్‌లోకి (శబ్దం ఏమాత్రం తగ్గకుండా కుదించే ఫైలు రూపం) ఎక్కించుకున్నవి. వీటిని సర్దుకోవడానికీ వినడానికీ కొత్త సాఫ్ట్‌వేర్ ఎంచుకోవలసి వచ్చి, పది రోజులుగా ఒక్కొక్కటే పెట్టి చూస్తున్నాను. చూడటానికి ఏది బాగుంది, ఏది త్వరగా తెరుచుకుంటుంది అన్నవి ఎవరి ఇష్టం వారివి. నా ప్రశ్న వేరు. పాటకు నేనిచ్చిన రేటింగు, దిద్దిన పేరు, అతికించిన ముఖచిత్రం, కూర్చుకున్న ప్లేలిస్టు ఎక్కడ ఉండాలి? పాట ఫైలులోనా, ప్లేయర్ తన కోసం కట్టుకునే లైబ్రరీలోనా? ఫైలులోనే ఉండాలని నా వాదన. ఏ ప్లేయర్‌నైనా ముందుగా ఈ ఒక్క ప్రశ్నతో జల్లెడ పట్టి, ఆ తరువాతే మిగిలిన సౌకర్యాలు చూడాలంటాను.

ఈ పట్టుదల ఒక దెబ్బ తిన్నాక వచ్చినది. ఆరేళ్లు ఒకే ప్లేయర్‌ను వాడాను. దాని పేరు ఇక్కడ అనవసరం. డిస్కు నిండిపోయి పాటల ఫోల్డర్‌ను కొత్త డిస్కుకు మార్చిన రోజు ప్లేయర్ తెరిస్తే, ప్రతి పాట పక్కనా ఒక ఆశ్చర్యార్థకం కనిపించింది. డిస్కు అక్షరం మారింది కనుక లైబ్రరీలో రాసి ఉన్న దారులేవీ చెల్లలేదు. కొత్త ఫోల్డర్‌ను చూపిస్తే పాటలన్నీ ఆనాడే చేరిన కొత్త పాటల్లాగా వచ్చి కూర్చున్నాయి. ఆరేళ్ల రేటింగులు, ఎన్నిసార్లు విన్నానన్న లెక్కలు, చేర్చిన తేదీలు మాత్రం తెగిపోయిన పాత వరుసలనే పట్టుకుని ఉండిపోయాయి. ఆ ప్లేయర్ తయారీ అప్పటికే ఆగిపోయింది కాబట్టి అడగడానికి కూడా ఎవరూ లేరు.

ప్లేయర్లు వస్తాయి, పోతాయి. 2001లో వచ్చిన ఐట్యూన్స్‌ను 2019లో మ్యాక్ మీద మూడు వేర్వేరు అప్లికేషన్లుగా విడదీశారు. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020 చివరికల్లా మూతపడింది. 1997లో విన్‌యాంప్ తొలి రూపంలో విన్న ఎంపీ3 మాత్రం ఈ పూట కూడా ఏ ప్లేయర్‌లోనైనా పాడుతుంది. అటువంటప్పుడు మన శ్రమను ఎందులో దాచుకోవడం తెలివి?

అరలసర్దు

పాతడిస్కు గారూ, మీకు జరిగినది బాధాకరమే గానీ, దాని నుంచి మీరు తీసిన నిర్ణయంతో నేను ఏకీభవించలేను. మీ రేటింగులు పోయింది అవి లైబ్రరీలో ఉన్నందువల్ల కాదు, ఆ లైబ్రరీ పాటను దాని చిరునామాతో తప్ప గుర్తుపట్టలేకపోయినందువల్ల. ఇల్లు మారిన మనిషిని పోల్చుకోలేకపోవడం ఆ పద్దు రాసిన తీరులోని లోపం. పద్దులే రాయకూడదనడానికి అది కారణం కాదు.

ఫైలులో రాసుకోవడం వినడానికి ఎంత సులువుగా ఉంటుందో ఆచరణలో అంత చిక్కు. రేటింగునే తీసుకుందాం. ఎంపీ3లో పాట వివరాలు రాసుకునే భాగాన్ని ఐడీ3 ట్యాగు అంటారు. అందులో దీనికోసం పాపులారిమీటర్ అనే గడి ఉంది. అందులో 1 నుంచి 255 వరకు అంకె వేయవచ్చు, 0 అంటే రేటింగు తెలియదని అర్థం. నక్షత్రాల ప్రస్తావన ఆ ప్రమాణంలో ఎక్కడా లేదు. కాబట్టి నాలుగు నక్షత్రాలంటే ఎంత అన్నది ఎవరికి వారే తేల్చుకున్నారు. విండోస్ మీడియా ప్లేయర్ 196 అని రాస్తుంది. 255ను ఐదు సమభాగాలు చేసే ప్లేయర్ లెక్కలో నాలుగు నక్షత్రాలు 204 కావాలి. ఇక ఫ్లాక్‌లో ట్యాగులుగా వాడే వోర్బిస్ కామెంట్లలో రేటింగుకు ప్రమాణమే లేదు. ఒకరు 5కు, ఒకరు 100కు, మరొకరు 0 నుంచి 1 మధ్య దశాంశంలో రాస్తారు. ఫైలులో ఉంటే భద్రం అని మీరనుకున్నది, తీరా చూస్తే ఒక్కొక్కరు ఒక్కో విధంగా చదివే చేతిరాత.

రెండో సంగతి. పాట విన్న ప్రతిసారీ లెక్కను ఫైలులో రాస్తూ పోతే ఆ ఫైలు ప్రతిసారీ మారినట్లే. రాత్రి బ్యాకప్ తీసే సాఫ్ట్‌వేర్‌కు అది కొత్త ఫైలు. 40 మెగాబైట్ల ఫ్లాక్‌ను ఒక్కసారి విన్న పాపానికి మళ్లీ మొత్తం పైకి పంపుతుంది. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ మీద నడిచే లైబ్రరీలో ఇదే పని ఒక వరుసలో ఒక అంకె మారడంతో ముగుస్తుంది. గత ఏడాదిగా వినని, నాలుగు నక్షత్రాలకు పైబడిన, ఐదు నిమిషాల లోపు పాటలు కావాలని అడిగితే కంటి రెప్పపాటులో తెచ్చి ఇచ్చేది కూడా ఆ లైబ్రరీయే. దాన్ని కాదనుకుంటే మిగిలేది ఫోల్డర్లు తెరిచి మూసుకోవడమే.

చెవిమాట

ఇద్దరూ ఐడీ3 ఒకే వస్తువన్నట్లు మాట్లాడుతున్నారు. అసలు తగువు అక్కడే ఉంది కనుక కొంచెం వివరంగా రాస్తాను.

1996లో వచ్చిన మొదటి ఐడీ3 అంటే ఫైలు చివర అతికించిన 128 బైట్లు, అంతే. పాట పేరుకు 30 బైట్లు, కళాకారునికి 30, ఆల్బమ్‌కు 30. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్ ఊసే లేదు. ఏ ప్లేయరైనా మొండిగా తెలుగును యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ను బైట్లుగా రాసే ఒక పద్ధతి) అందులో కుక్కిందనుకున్నా, ఒక్కో సంకేతానికి 3 బైట్లు పడతాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలోనే ఆరు సంకేతాలు ఉన్నాయి, అంటే 18 బైట్లు. అది రెండుసార్లు రాయడానికి కూడా పాట పేరు గడి చాలదు. తెలుగు పేర్లు పెట్టుకున్నవారికి పాత ప్లేయర్లలో ప్రశ్నార్థకాలూ తోకతెగిన మాటలూ కనిపించడానికి ఒక కారణం ఇదే: ఫైలు ముందు భాగంలో చక్కటి కొత్త ట్యాగు ఉన్నా, ప్లేయర్ వెనుక ఉన్న ఈ ముసలి ట్యాగును చదువుతూ ఉంటుంది.

ఆ తరువాత వచ్చినవి 2.3, 2.4 రూపాలు, మొదటిది 1999లో, రెండోది 2000లో. 2.3లో తెలుగు రాయాలంటే యూటీఎఫ్-16 అనే మరో పద్ధతి వాడాలి, 2.4లో యూటీఎఫ్-8 కూడా చెల్లుతుంది. 2.3లో ఒకే గడిలో ఇద్దరు గాయకులను రాస్తే మధ్య ఏటవాలు గీత పెట్టమన్నారు. ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించే ప్లేయర్ ఏసీ/డీసీ అనే ఒక్క బృందాన్ని 'ఏసీ', 'డీసీ' అని ఇద్దరు కళాకారులుగా చీల్చి పెడుతుంది. నవ్వు వస్తుంది గానీ, రెండు వందల ఆల్బమ్‌లలో ఇటువంటివి వెదికి దిద్దేవారికి నవ్వు రాదు. అందుకే ఎంపీ3ల విషయంలో నా సలహా: 2.3 గానీ 2.4 గానీ ఏదో ఒకటి నిర్ణయించుకుని, ఎంపీ3ట్యాగ్ వంటి సాధనంతో అన్నింటినీ ఆ రూపంలోకే తెచ్చి, పాత 128 బైట్ల ట్యాగును తీసివేయండి. పాత కారు స్టీరియోల వంటి పరికరాల్లో వినేవారికి 2.3 ఎక్కువ క్షేమం. ఫ్లాక్‌లో ఈ బెడద లేదు. అక్కడ అంతా యూటీఎఫ్-8, ఇద్దరు గాయకులుంటే రెండు వరుసలు విడివిడిగా రాసుకోవచ్చు.

మీ వివాదానికి వస్తే, రెండు రకాల సమాచారాన్ని మీరు ఒకే గాటన కడుతున్నారని నాకు తోస్తోంది. ఈ పాట ఏది, ఎవరిది, ఏ ఆల్బమ్‌లో ఎన్నోది అన్నది పాట గుర్తింపు. అది ఎవరి దగ్గరైనా ఒక్కటే కనుక ఫైలులో ఉండవలసినదే. నాకు ఎంత నచ్చింది, ఎన్నిసార్లు విన్నాను అన్నది నా సంగతి. ఒకే ఇంట్లో ఇద్దరు ఒకే ఫైలును వింటుంటే రేటింగు ఎవరిదని రాస్తారు? పాపులారిమీటర్‌లో ఈమెయిల్ చిరునామా గడి పెట్టింది అందుకే, కాని దాన్ని చాలా ప్లేయర్లు మనిషి పేరుకు బదులు తమ పేరు రాసుకోవడానికి వాడుకుంటున్నాయి.

అరలసర్దు గారు చెప్పిన పోల్చుకోలేని లోపానికి మందు కూడా ఫైలులోనే ఉంది. మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే ఆన్‌లైన్ పాటల పద్దుకు చెందిన ట్యాగుల సాధనం పికార్డ్, పాట శబ్దం నుంచి వేలిముద్ర వంటిది తీసి, అకౌస్ట్‌ఐడీ సేవలో పోల్చి, దొరికిన పాటకు మ్యూజిక్‌బ్రెయిన్జ్ ఇచ్చిన గుర్తింపు సంఖ్యను ట్యాగులో రాస్తుంది. ఆ సంఖ్యను చూసే లైబ్రరీ అయితే ఫైలును ఏ డిస్కుకు మార్చినా పాత వరుసకు కొత్త దారిని ముడిపెట్టవచ్చు. ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. మొత్తం సేకరణను ఒకేసారి అందులో పోసి 'సేవ్' నొక్కకండి. ఒకే పాట అసలు ఆల్బమ్‌లోనూ, ఎంపిక చేసిన పాటల సంకలనాల్లోనూ ఉంటే, పది పాటల ఆల్బమ్ నాలుగు సంకలనాలుగా విడిపోయి తేలే అవకాశం ఉంది. ఒక్కో ఆల్బమ్ చొప్పున కూర్చుని చేయవలసిన పని అది.

కొత్తశ్రోత

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. శబ్ద నాణ్యత గురించి ఎవరూ మాట్లాడటం లేదేమిటి? ఫూబార్2000లో పాట మిగిలిన ప్లేయర్ల కంటే స్పష్టంగా వినిపిస్తుందని విని దాన్ని ఎంచుకోబోతున్నాను.

చెవిమాట

ఆ కారణంతో అయితే వద్దండి. ఒకే ఫ్లాక్‌ను ఏ మార్పులూ చేర్చకుండా విప్పితే అన్ని ప్లేయర్లలోనూ అవే అంకెలు వస్తాయి. మీరు విన్న తేడా ఈక్వలైజర్‌దో, శబ్ద తీవ్రతదో అయి ఉంటుంది. కాస్త గట్టిగా వినిపించేది చెవికి మెరుగ్గా తోస్తుంది. ఫూబార్2000 మంచి ప్లేయరే, 2002 నుంచి ఉంది, ఉచితం, అయితే దాన్ని మెచ్చుకోవలసింది అది ఇచ్చే స్వేచ్ఛకు.

నిజంగా చెవికి తెలిసే తేడాలు రెండు. పాటకూ పాటకూ మధ్య విరామం లేని ఆల్బమ్‌లలో ప్లేయర్ సన్నని తెగుడు చూపకూడదు. ఎంపీ3 శబ్దాన్ని ఫ్రేములనే సమానమైన గడులుగా దాస్తుంది. ఒక్కో ఫ్రేములో 1,152 శాంపిళ్లు (శబ్దపు కొలతలు), అంటే సీడీ వేగంలో సుమారు 26 మిల్లీసెకన్లు పడతాయి. ఆ గడులు నింపడానికి ముందూ వెనుకా చేరిన నిశ్శబ్దం ఎంతో ఎంపీ3లు తయారుచేసే లేమ్ ఎన్‌కోడర్ ఫైలులో రాసి పెడుతుంది, దాన్ని చదివి కత్తిరించే ప్లేయర్ కావాలి. రెండోది రీప్లేగెయిన్. ఒక పాట గట్టిగా, మరొకటి మెల్లగా వినిపించకుండా ఎంత తగ్గించాలో, పెంచాలో కొలిచి ట్యాగులో రాసే ఈ పద్ధతి 2001లో ప్రతిపాదించినది. పాటను మాత్రం ముట్టుకోదు.

పాతడిస్కు

చెవిమాట గారి విభజన నన్ను ఆలోచింపజేసింది. విన్న లెక్కల విషయంలో నేను వెనక్కి తగ్గుతున్నాను. అవి లైబ్రరీలో ఉండవచ్చు. రేటింగు దగ్గర మాత్రం తగ్గలేను. వేల పాటలకు కూర్చుని నక్షత్రాలు వేయడం నా దృష్టిలో పేర్లు దిద్దడంతో సమానమైన శ్రమ. 196కూ 204కూ తేడా వచ్చి నాలుగు నక్షత్రాలు మూడున్నరగా కనిపించినా, ఏమీ లేకపోవడం కంటే అది నయం.

బ్యాకప్ గురించి అరలసర్దు గారు చెప్పినదానికి ఒక సవరణ. ట్యాగు మారితే ఫైలు మారుతుందన్నది నిజమే కాని, పాట మారదు. ఫ్లాక్ తన తలభాగంలో దాచుకునే ఎండీ5 అనే సరిచూపు సంఖ్య, విప్పిన శబ్దానికి మాత్రమే సంబంధించినది. పేరు వందసార్లు దిద్దినా ఆ సంఖ్య అలాగే ఉంటుంది, శబ్దం చెడలేదని సరిచూసుకోవడానికి అది చాలు.

అరలసర్దు

సవరణ అంగీకరిస్తున్నాను. అయితే మీరు ప్లేలిస్టుల మాట ఎత్తి వదిలేశారు. ప్లేలిస్టు ఏ ఒక్క ఫైలులోనూ పట్టదు, అది పాటల మధ్య సంబంధం. ఇక్కడ ఫైలువాదానికి సమాధానం లేదని నా నమ్మకం.

పాతడిస్కు

ఎం3యూ8 అనే ప్లేలిస్టు రూపం ఉంది కదండి. అది మామూలు టెక్స్టు ఫైలు, వరుసకొక పాట. ప్లేయర్ అందులో డిస్కు అక్షరంతో మొదలయ్యే పూర్తి దారి రాయకుండా, ప్లేలిస్టు ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కించిన దారి రాస్తే చాలు. మొత్తం ఫోల్డర్‌ను ఎక్కడికి ఎత్తుకుపోయినా పనిచేస్తుంది. ఈ ఒక్క ఎంపిక ఉందో లేదో చూసేందుకే నిన్న రెండు గంటలు పెట్టాను.

చూసిన విధానం చెబుతాను. ఇరవై పాటలను వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఒక ప్లేయర్‌లో రేటింగు వేసి, ముఖచిత్రం మార్చి, తెలుగులో పేరు దిద్ది, ప్లేలిస్టు ఎగుమతి చేశాను. ఆ ప్లేయర్‌ను మూసి, ఫోల్డర్ పేరు మార్చి, మరొక ప్లేయర్‌లో తెరిచాను. మ్యూజిక్‌బీలో రేటింగును ఫైలులో దాచమని చెప్పే ఎంపిక ఉంది, రేటింగు రెండో ప్లేయర్‌లోకి దాటి వచ్చింది. రిథమ్‌బాక్స్‌లో వేసిన రేటింగులు దాని సొంత ఎక్స్ఎంఎల్ ఫైలులోనే ఉండిపోయాయి, ఒక్కటీ రాలేదు. ఫూబార్2000లో గణాంకాలు దాని సొంత పద్దులో ఉంటాయి, మనం ప్రత్యేకంగా అడిగితే ట్యాగులలో రాస్తుంది.

అరలసర్దు

అడిగితే రాస్తుందన్నది నా వాదానికే బలం. రోజువారీ పని లైబ్రరీలో, నెలకొకసారి ఫైలులోకి నకలు. నేను ఇన్నాళ్లూ చేస్తున్నది అదే.

పాతడిస్కు

నెలకొకసారి గుర్తుంటే సరే. నాకు ఆరేళ్లలో ఒక్కసారి కూడా గుర్తురాలేదు. కాబట్టి రేటింగును వేసిన క్షణమే ఫైలులో రాసేదాన్నే ఎంచుకుంటున్నాను, బ్యాకప్ కాస్త ఎక్కువ కదిలినా పరవాలేదు. పికార్డ్ పని ఈ రాత్రి మొదటి ఆల్బమ్‌తో మొదలుపెడుతున్నాను.