మ్యూజియం నవలలో హంతకుడు దొరికాడు, గంజపా పేక దొరకలేదు: ఇది ముగింపేనా?

పర్లాకిమిడి మాస్టారు:
ముప్పై వారాలుగా మన వేదికలో వస్తున్న మ్యూజియం నవల గత ఆదివారం ముగిసింది. ఆలస్యంగా చేరిన వారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఒక జిల్లా మ్యూజియంలో రిజిస్టరు రాసే గుమస్తా రాత్రివేళ హత్యకు గురవుతాడు. అదే రాత్రి 120 ముక్కల దశావతార గంజపా పేక, అంటే పది అవతారాల పేరున చేత్తో బొమ్మలు గీసిన గుండ్రని పేకముక్కల కట్ట, మాయమవుతుంది. శవం పిడికిట్లో ఒకే ఒక్క ముక్క మిగులుతుంది. చివరి అధ్యాయంలో హంతకుడు పట్టుబడ్డాడు గాని, మిగిలిన 119 ముక్కలు ఏమయ్యాయో రచయిత్రి చెప్పలేదు. గంజపా ముక్క ఎలా తయారవుతుందో చూసినవారు దీన్ని తేలికగా తీసుకోలేరు. పాత బట్టను చింతగింజల జిగురుతో పొరలుగా అంటించి, సుద్ద పూసి, రాతితో నున్నగా రుద్ది, గుండ్రంగా కత్తిరించిన తరువాతే చిత్రకారుడు కుంచె ముట్టుకుంటాడు. ఒక్కో అవతారానికి రాజు, మంత్రి, ఒకటి నుంచి పది వరకు అంకెలు కలిపి పన్నెండు ముక్కలు గీయాలి. అంత పనిని పోగొట్టి, ఎవరూ వెతకకుండానే కథ ముగించడం అన్యాయమని నా అభిప్రాయం.

బరంపురం పాఠకుడు:
మాస్టారు గారూ, పోయిన కళాఖండం దొరకకపోవడమే లోకంలో ఎక్కువగా జరిగేది. 1990 మార్చి 18న తెల్లవారకముందే పోలీసు దుస్తుల్లో ఇద్దరు బోస్టన్‌లోని ఇసబెల్లా స్టూవర్ట్ గార్డ్‌నర్ మ్యూజియంలోకి వచ్చి, కాపలాదారులను కట్టేసి, 81 నిమిషాల్లో 13 కళాఖండాలు ఎత్తుకుపోయారు. కోటి డాలర్ల బహుమతి ప్రకటించినా ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ బొమ్మల ఖాళీ చట్రాలను ఇప్పటికీ ఆ గోడల మీదే ఉంచారు. రచయిత్రి చేసింది కూడా అటువంటిదే. ఆ ఖాళీని మన కళ్ళెదుట ఉంచారు.

గుణుపురం కోడలు:
నాకు కూడా ముక్కలు దొరికి ఉంటే బాగుండుననిపించింది, కాని గుమస్తా భార్య స్టేషనుకు వచ్చిన ఘట్టం చదివి ఆ రాత్రి నిద్రపోలేదు.

పర్లాకిమిడి మాస్టారు:
బోస్టన్ ఒక్కటే ఉదాహరణ కాదు. 1911లో లూవ్ర్ మ్యూజియంలో పోయిన మోనాలిసా రెండేళ్ళకు దొరికింది. 1961లో నలందా మ్యూజియంలో పోయిన 14 కంచు విగ్రహాల్లో ఒక బుద్ధ విగ్రహాన్ని 2018 ఆగస్టు 15న లండన్ పోలీసులు మన హైకమిషన్‌కు అప్పగించారు. ఇది మా వస్తువేనని చూపగలిగే రాత, ఫొటో ఉంటే యాభై ఏడేళ్ళ తరువాతయినా అడగవచ్చు. నవల నాలుగో అధ్యాయంలో మ్యూజియం రిజిస్టరులో "గంజపా పేక - 1" అని మాత్రమే ఉంది. ఎన్ని ముక్కలో రాయలేదు. ఇంత పెద్ద ఆధారాన్ని ఇన్‌స్పెక్టరు ఒక్కసారి కూడా పట్టించుకోలేదు.

బరంపురం పాఠకుడు:
అసలు 120 అన్న లెక్క ఎక్కడిది? మా మేనమామ ఇంట్లో ఆడిన గంజపాలో 96 ముక్కలే ఉండేవి. మీరు లెక్క గురించే మాట్లాడుతున్నారు కనుక ముందు దీన్ని తేల్చండి.

రాయగడ నివాసి:
ఎనిమిది రంగుల పేకకు 96, దశావతార పేకకు 120. ఇద్దరి లెక్కా సరైనదే.

బరంపురం పాఠకుడు:
సరే, ఒప్పుకుంటాను. అయినా ఒక మనిషి ప్రాణం పోయిన కథలో ముక్కలు లెక్కపెడుతూ కూర్చోవడం నాకు మింగుడు పడటం లేదు.

పర్లాకిమిడి మాస్టారు:
మింగుడు పడకపోతే వినండి. 1983లో ఒక ప్రదర్శనకని మా తాతగారి దశావతార పేకను పెట్టెతో సహా అడిగి తీసుకువెళ్ళారు. రసీదు మీద "పేకల పెట్టె - 1" అని రాసి ఇచ్చారు. నాలుగు నెలలకు పెట్టె తిరిగి వచ్చింది. మా నాయనమ్మ చాప పరచి, అవతారం వారీగా ముక్కలు పేర్చి చూస్తే 112 ఉన్నాయి. రసీదు తీసుకుని వెళితే, ఒక పెట్టె తీసుకున్నాము, ఒక పెట్టె ఇచ్చాము అన్నారు. మనిషిని చంపినవాడిని పట్టుకోవడానికి చట్టం ఉంది, పోలీసులున్నారు. మా ఎనిమిది ముక్కల కోసం ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఈనాటికీ తెలియలేదు. కథలోనైనా ఒకరు వెతుకుతారని ముప్పై వారాలు ఎదురుచూశాను.

బరంపురం పాఠకుడు:
ఇంతవరకు చెప్పనిది నేనూ చెబుతాను. మా నాన్నగారు ఒక మ్యూజియంలో ఇరవై రెండేళ్ళు రాత్రి కాపలా కాశారు. ఒక కంచు దీపం కనిపించకుండా పోయింది. దొంగ దొరకలేదు. ఆరు నెలలకు దీపం మాత్రం వెనుక గదిలో గోనెసంచి కింద దొరికింది. వస్తువు దొరికింది కదా అని అందరూ ఆ సంగతి వదిలేశారు. కాని ఎవరు పెట్టారో తేలలేదు కనుక నాన్నగారి మీద అనుమానం అలాగే ఉండిపోయింది. ఉద్యోగం దిగిపోయే రోజున వీడ్కోలుకు తోటివారు ఇద్దరే వచ్చారు. ఈ నవల ఇరవై ఎనిమిదో అధ్యాయంలో కాపలాదారు నిర్దోషి అని ఇన్‌స్పెక్టరు అందరి ముందూ చెప్పిన వాక్యాన్ని మా అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. నాకు నవల అక్కడే ముగిసింది.

పర్లాకిమిడి మాస్టారు:
మీ నాన్నగారి సంగతి తెలియక గట్టిగా మాట్లాడాను, క్షమించండి. అయినా నా మాట మార్చుకోలేను. ఆ రిజిస్టరులో సరిగా రాసి ఉంటే కాపలాదారు మీదికి అనుమానమే వచ్చేది కాదు.

బరంపురం పాఠకుడు:
రాసేవాడే దొంగ అయితే ఎంత సరిగా రాసినా ఏం లాభం, మాస్టారు గారూ?

నవల రచయిత్రి:
ముగింపు మార్చను. హంతకుడు ముక్కలను విడివిడిగా అమ్మేశాడన్నదే నా ఊహ. అవి మళ్ళీ ఒక్కచోటికి చేరవు. అయితే రిజిస్టరు సంగతి నేను గమనించని లోపం. పుస్తకంగా వేసేటప్పుడు, చనిపోయే ముందు గుమస్తా "1" అన్నచోట ముక్కల జాబితా రాయడం మొదలుపెట్టాడని ఒక పేజీ చేరుస్తాను. మాస్టారు గారూ, మీ పెట్టెలో లేని ముక్కలేవో చెబుతారా?

పర్లాకిమిడి మాస్టారు:
నరసింహుడి రాజు, మంత్రి. వామనుడి మంత్రి. కల్కిలో ఆరు నుంచి పది వరకు. వామనుడి మంత్రి ముక్క అంచున మా అక్క పసుపు వేలిముద్ర ఉండేది, అది కూడా రాయండి.