తిప్పతీగ కషాయం రోజూ తాగితే ఇమ్యూనిటీ పెరుగుతుందా?

పర్లాకిమిడి కోడలు:
వానలు పడ్డాయంటే మా ఇంట్లో కషాయం మొదలు. తిప్పతీగ కోసి, దంచి, శొంఠి, మిరియాలు, తులసి వేసి, నీళ్లు సగమయ్యేదాకా మరిగిస్తారు మా అత్తగారు. తాగితే ఏ జ్వరమూ దరిచేరదంటారు. మావారు షుగర్ మాత్రలు వాడుతున్నారు. రోజూ ఇవ్వొచ్చా?

గుణుపురం మాస్టారు:
నిక్షేపంగా ఇవ్వండమ్మా. 2020లో కరోనాకి ఆయుష్ శాఖే కషాయం తాగమంది. తులసి నాలుగు పాళ్లు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒకటి. అంతా మన వంటింటి సరుకే.

రాయగడ సిస్టర్:
మాస్టారూ, మీరు చెప్పిన దాంట్లో తిప్పతీగ లేదు. ఇక్కడ అడిగింది దాని గురించే. అదే 2020 చివర్లో ముంబైలో తిప్పతీగ వాడిన ఆరుగురికి లివర్ దెబ్బతిందని డాక్టర్లు రాశారు. అది అసలు తిప్పతీగేనా అని ఆయుష్ శాఖ అభ్యంతరం చెప్పింది. నిజమే, అలాంటి తీగలు వేరేవి ఉన్నాయి. మరి పెరట్లోది ఏదో మనం మాత్రం ఎలా తేల్చుకుంటాం?

ఇంకో సంగతి. ఇమ్యూనిటీ ఎంత పెరిగితే అంత మంచిదనుకోకండి. కీళ్లవాతంలో, కొన్ని థైరాయిడ్ జబ్బుల్లో ఒంటిమీద దాడి చేసేది ఆ ఇమ్యూనిటీయే. తిప్పతీగ ల్యాబ్‌లో కణాల మీద పనిచేసిందంటే మనిషికి జ్వరాలు తగ్గుతాయని కాదు. పైగా తిప్పతీగ షుగర్‌ని తగ్గించగలదు. మాత్రలతో కలిస్తే మరీ పడిపోవచ్చు. డాక్టర్‌ని అడగకుండా ఇవ్వకండి.

గుణుపురం మాస్టారు:
మలేరియా మందు ఆర్టెమిసినిన్ మొక్కలోంచి తీసిందే కదమ్మా! దానికి 2015లో నోబెల్ కూడా ఇచ్చారు. మొక్కల మందంటే అంత చులకనా?

రాయగడ సిస్టర్:
చులకన లేదండి. ఆ మందు రోజూ నా చేత్తో ఇస్తున్నాను. కానీ మాత్రలో డోసు కొలిచి ఉంటుంది, ఇంకో మందు జోడించి ఉంటుంది. అదే మొక్క ఆకుతో టీ కాస్తే ఒక్కో గ్లాసులో ఒక్కోలా ఉంటుంది. అందుకే ఆ టీని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటోంది.

నా భయమల్లా ఒకటే. మన కొండవైపు ఊళ్లలో చలిజ్వరం వస్తే ముందు కషాయం, రెండ్రోజులు చూసి ఆసుపత్రి. మలేరియాలో ప్రమాదకరమైన రకం, ఫాల్సిపారం అయితే 24 గంటల్లో మందు పడకపోతే ప్రాణం మీదికి రావచ్చు. వేలిమీద చిన్న పోటు, కిట్ మీద ఒక చుక్క రక్తం, అరగంటలోపే తెలిసిపోతుంది. ఆశా దీదీ ఉచితంగా చేస్తుంది.

పర్లాకిమిడి కోడలు:
మరి అల్లం, తులసి కూడా మానెయ్యాలా? గొంతు నొప్పికి అత్తగారు అవే ఇస్తారు.

రాయగడ సిస్టర్:
ఎందుకమ్మా మానడం? వేడిగా తాగితే గొంతుకి హాయి, ఒంట్లో నీరు తగ్గదు. అతిమధురం మాత్రం రోజూ వెయ్యకండి, బీపీ పెంచుతుంది. జ్వరం తగిలిందంటే పొయ్యి మీద గిన్నె పెట్టేముందే దీదీని పిలవండి.